నూనె తేలే వరకు

రాజమండ్రి ఆస్పత్రిలో పిల్లల వార్డు సిస్టరుగారు మా జీవాని తూకం బల్ల మీద నుంచి దించి నా చేతుల్లో పెట్టి, "గుళ్ళు వేయించి వెన్నలా రుబ్బి పెట్టమ్మా" అన్నప్పుడు నేను తల ఊపాను. ఏ గుళ్ళో అడగలేదు. అడిగితే ఆ పేరు వినాల్సి వస్తుందని.

ఆవిడే చెప్పింది. "వేరుశెనగ గుళ్ళు. అందులో కాస్త పంచదార, పాలపొడి కలుపు. రోజూ కొంచెం కొంచెం నాకించు. ఏడాదిన్నర పిల్లాడు ఇంత తేలిగ్గా ఉంటే ఎలా? ఈ చలికాలం జలుబు చేసి రొమ్ములోకి దిగిందంటే తట్టుకునే కండ లేదు వాడి ఒంట్లో. పలుకు మాత్రం ఉండకూడదు. అర్థమైందా?"

"అర్థమైందండి."

పలుకు సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మా ఇంట్లోకి వేరుశెనగ రాక మూడేళ్ళయింది. ప్రిస్కిల్లా నా పెద్దపిల్ల. దానికి రెండేళ్ళు నిండకముందు, చర్చిలో కోతల పండగ వచ్చింది. సంఘంవాళ్ళు కానుకగా తెచ్చిన అరటి గెలలూ గుమ్మడికాయలూ ధాన్యం బస్తాలూ పాస్టరుగారు వేలం వేస్తుంటే, మా అత్తయ్య సంపూర్ణమ్మగారు వేరుశెనక్కాయల బుట్ట ఒకటి పాడుకున్నారు. దేవుడి ముందు పెట్టినవి పిల్లకి మంచిదని అక్కడే చాప మీద ఒలిచి, ఒడిలో కూర్చున్న దాని నోట్లో ఒక గింజ పెట్టారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక చచ్చు గుమ్మడికాయకి బస్తా ధాన్యం ధర పాడారని సంఘమంతా నవ్వింది. అదీ నవ్వింది. పొలమారింది. దగ్గి, నీళ్ళు తాగి, సర్దుకుంది.

సర్దుకుందనే అనుకున్నాం. ఆ రాత్రి నుంచి దాని ఊపిరిలో సన్నటి ఈల మొదలైంది. ఊళ్ళో మందులిచ్చే ఆయన జలుబన్నాడు. గింజ ఊపిరి గొట్టంలో ఇరుక్కుందని కాకినాడలో పెద్ద డాక్టర్లు కనిపెట్టేసరికి ఈల ఆగిపోతూ ఉంది.

మా ఆయన రమేష్ బాబు మండపేటలో రైసుమిల్లు గుమాస్తా. సాయంత్రం గుళ్ళ పొట్లం తెచ్చి లోపలికి తీసుకురాకుండా అరుగు మీదే పెట్టాడు, చెప్పులు విడిచే చోట.

"అమ్మతో నువ్వు చెప్పు" అన్నాడు.

"మీ అమ్మగారు కదండీ. మీరు చెప్పండి."

"నేను కొని తెచ్చాను కదా. ఇద్దరం చెరి సగం."

ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆయన మిల్లుకి వెళ్ళాక బాణలి పొయ్యి మీద పెట్టాను. గుళ్ళు చిటపటలాడి పొట్టు పగిలేసరికి వాసన ఇల్లంతా నిండింది. పక్కింటి చిన్నమ్మాయక్క గోడ మీద నుంచి తల పెట్టింది.

"ఏంటి ఎస్తేరూ, మీ ఇంట్లోంచే గుళ్ళ వాసన? నా ముక్కు పాడైందా, నేను ఇల్లు మారానా?"

"మీ ముక్కు బాగానే ఉందక్కా."

"అయితే మీ అత్తగారు ఊళ్ళో లేదన్నమాట."

అత్తయ్య లోపలి గదిలోనే ఉన్నారు. మంచం మీద గోడవైపు తిరిగి, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గుళ్ళు చల్లారాక చేటలో నలిపి పొట్టు చెరిగాను. ఒక్కో గింజనీ రెండు బద్దలు చేసి, కొసన ఉండే చిన్న ముక్కు కూడా గిల్లి తీసేశాను. మాకు మిక్సీ ఉంది. కానీ బ్లేడు కింద ఎప్పుడూ ఏదో ఒక పలుకు దాక్కుంటుంది. రోలైతే చెయ్యి పెట్టి తడిమి చూసుకోవచ్చు. పెరటి వసారాలో రుబ్బురోలు కడిగి, ఆరబెట్టి, జీవాని పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నాను. వాడు కదలకుండా కూర్చుంటాడు. ఆడుకునే ఓపిక వాడికి లేదు. వాడి మెడ వెనక ఎముకలు చూస్తూ పొత్రం తిప్పడం మొదలుపెట్టాను.

పొడి అయింది. పొడి గట్టిపడి రోలు గోడకి అంటుకుంది. అప్పుడు నా ఎడమచెయ్యి దానంతటది పక్కనున్న చెంబులోకి వెళ్ళి నీళ్ళు చిలకరించింది. పచ్చడికీ పిండికీ పుట్టినప్పటి నుంచి అలవాటైన చెయ్యి. నేను గమనించనే లేదు. ముద్ద తెల్లగా పాలిపోయి, బంకమట్టిలా బిగుసుకుంది. తడిమాను. పలుకు లేదు. పంచదార, పాలపొడి కలిపి, వేలికొసన శెనగగింజంత తీసి జీవా నాలుక మీద పెట్టాను.

వాడు మింగలేదు. ముద్ద అంగిట్లో అతుక్కుపోయింది. నోరు తెరిచాడు, ఏడుపు బయటికి రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. పెదాల చుట్టూ రంగు మారడం నేను ముందోసారి చూశాను. చూశాను కాబట్టే నా చేతులు పనిచెయ్యలేదు.

అత్తయ్య ఎప్పుడు వచ్చారో తెలీదు. వాణ్ణి నా దగ్గర్నుంచి లాక్కుని, మోకాలి మీద బోర్లా వేసి వీపు చరిచి, తిప్పి చూపుడువేలితో అంగిలి గీకి ముద్ద తీసి పారేశారు. వాడు వాంతి చేసుకుని, ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ ఇద్దరం నేల మీద కూలబడ్డాం.

చాలాసేపటికి అత్తయ్య రోలు వైపు చూశారు.

"నీళ్ళు పోశావా?"

"చెయ్యి అలవాటుగా పోసేసిందండి."

"నూనె దాచుకున్న గింజకి నీళ్ళెందుకే? ఎంత పోస్తే అంత బిగుసుకుంటుంది. పారబోసి రోలు తుడువు. తడి లేకుండా."

"ఇంక వద్దు అత్తయ్యా. నా వల్ల కాదు."

ఆవిడ జీవా చెయ్యి ఎత్తి నాకు చూపించారు. మణికట్టు ఆవిడ బొటనవేలంత కూడా లేదు. "వద్దంటే వీడేం తిని బతుకుతాడు? పాలు కక్కుతున్నాడు, అన్నం ముట్టడు. తుడువమ్మాయ్."

మిగిలిన గుళ్ళు రోట్లో పోశాను. చెంబు ఆవిడే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. పొడి అయింది. పొడి మళ్ళీ గట్టిపడింది. చెయ్యి మళ్ళీ పక్కకి వెళ్ళి ఖాళీ నేల తడుముకుని వెనక్కి వచ్చింది. పొత్రం భారంగా కదులుతోంది.

అప్పుడు వినపడింది.

పొత్రం కింద నుంచి సన్నటి ఈల. అవతలికి తోసినప్పుడు ఒకలా, ఇవతలికి లాగినప్పుడు ఒకలా. పీల్చినట్టు, వదిలినట్టు. ఆపాను. ఆగింది. తిప్పాను. ఆ ఈల నేను రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని విన్నదే. మధ్యలో ఎక్కడ చిన్నగా తెగుతుందో కూడా నాకు తెలుసు. అక్కడే తెగింది.

రాయీ రాయీ రాసుకుంటోందని నాకు నేను చెప్పుకున్నాను. అత్తయ్యకి తెలియకూడదని తల ఎత్తలేదు.

"నీకూ వినపడుతుందా?" అన్నారు అత్తయ్య.

పొత్రం మీద నా చెయ్యి ఆగింది.

"నాకు రోజూ వినపడుద్ది. నూతి గిలక దగ్గర. తలుపు బందు దగ్గర. కుక్కరు కూత వేసేముందు బుసకొడుతుంది చూడు, అప్పుడు. మీ మామగారు పోయినా ఒక్కనాడు కల్లోకి రాలేదు. ఇదేమో గది గదికీ తిరుగుద్ది. నా ఒక్కదానికేననుకున్నా. నేను పెట్టిన గింజ కదా, నాకే వినపడాలి."

"అలా అనకండి అత్తయ్యా."

"ఏమంటే ఏముంది? తిప్పు. ఆపకు. ఆపితే అదెక్కడుందో అని వెతుక్కోవాలి."

తిప్పాను. వసారాలో మేం ముగ్గురం, ఆ ఊపిరి. భుజాలు పీకుతున్నాయి. ఎంతకీ ముద్ద మారదు. ఇక మారదేమో అనుకునే వేళకి అడుగున ఎక్కడో చిన్న మెరుపు కనపడింది. నూనె. ఒక చుట్టు తిరిగేసరికి ఇంకో చోట మెరిసింది. ముద్ద సడలింది, జారింది, గోధుమరంగు తేనెలా పొత్రం చుట్టూ తిరగసాగింది. ఈల సన్నబడి, సన్నబడి, లేదు.

అత్తయ్య చెవి ఒగ్గి అలాగే కూర్చున్నారు.

స్టీలు పళ్ళెం మీద పల్చగా పూసి ఎండకి పట్టి చూశాను. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశారు. నేనూ రాశాను. నాలుక మీద వేసుకుని పళ్ళకి తగులుతుందేమో చూశాను. పంచదార, పాలపొడి కలిపాక కూడా ఇంకోసారి చూశాను. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు. వేలికొస ముంచి వాడి కింది పెదవికి రాశాను.

నాకాడు. మింగాడు. నేను నా చెవి వాడి రొమ్ముకి ఆనించి ఉంచాను. లోపల గాలి ఏ చప్పుడూ లేకుండా వచ్చిపోతోంది. వాడు నా జుట్టు పట్టుకుని లాగి, నా వేలు కోసం నోరు తెరిచాడు.

ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్ళినప్పుడు సిస్టరుగారు తూకం ముల్లు వైపు రెండుసార్లు చూసి, "ఏం పెడుతున్నావేంటి, మాకూ కాస్త తెచ్చిపెట్టు" అని నవ్వింది. చలికాలంలో జలుబు చేసింది, దానంతటదే పోయింది. వాడు గోడ పట్టుకుని నిలబడ్డాడు, వదిలేసి నడిచాడు.

గుళ్ళు అయిపోయినప్పుడల్లా రుబ్బుతూనే ఉన్నాం. బాణలి చప్పుడు వినగానే అత్తయ్య పీట తెచ్చుకుని రోలు పక్కన కూర్చుంటారు. "నెమ్మదిగా తిప్పవే, ఏం కొంపలు అంటుకున్నాయి?" అంటారు. నేనూ నెమ్మదిగానే తిప్పుతాను. ఎక్కడైనా నూనె మెరిస్తే పొత్రాన్ని అక్కడి నుంచి పక్కకి, ఇంకా పొడిగా, ఈల వేస్తూ ఉన్న చోటికి జరుపుతాను. అలా జరుపుతున్నానని ఆవిడకి తెలుసు. మేం దాని గురించి మాట్లాడుకోం. రుబ్బడం మొదట్లో పట్టినదానికి రెండింతలు పడుతోంది ఇప్పుడు.

నిన్న జీవా తన గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చాడు. ఆకలి వేసినట్టుంది. నా భుజం పట్టుకుని ఊపాడు.

"ఉండు నాయనా, ఒక్క నిమిషం" అన్నారు అత్తయ్య, కళ్ళు రోటి మీదే పెట్టి. "మీ అక్క ఇంకా..."

అని ఆగిపోయారు.

వాడు ఆవిడ ముఖం చూశాడు. నా ముఖం చూశాడు. తర్వాత వంగి రోట్లోకి చూశాడు. మేం చూస్తున్న చోటే, లోపల ఎవరో ఉన్నారన్నట్టు, ఊపిరి బిగబట్టి, చెవి పెట్టి విన్నాడు. వాడి పెదాలు ఈల వేయబోతున్నట్టు సున్నాలా ముడుచుకున్నాయి.

పొత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నూనె ఊరిన చోటికి నెట్టి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. ఈల ఒక్కసారి పైకి లేచి, తెగిపోయింది. అత్తయ్య "అమ్మాయ్" అన్నారు, అంతే. కళ్ళు మూసుకున్నారు. నేను ఆపలేదు.

ముద్ద జారుగా తిరిగింది. వాడు గిన్నె చాపాడు.