జోడీ ఆటకు సర్దిన సంచి

శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే శ్రీకాంత్ మంచం మీది దుప్పటి దులిపి, తన డిస్కులన్నీ దాని మీద పరిచాడు. పెనుకొండలో, కొండ వైపు కిటికీ ఉన్న మేడ గది అతనిది. ఎర్రమంచి దగ్గర కార్ల కంపెనీకి విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో, స్టోర్సులో పని. ముప్పై ఏడేళ్లు వచ్చాయి. పెళ్లి కాలేదు. ఆ మాట ఎత్తేవాళ్లు కూడా ఈమధ్య తగ్గిపోయారు.

ఆరిన బట్టలు తీసుకోవడానికి మేడెక్కిన ఇంటి యజమానురాలు ఈరక్క తలుపులోంచి తొంగి చూసింది.

"ఏమప్పా శ్రీకాంతూ, మళ్ళా తట్టలు పరిచినావే? రేపు యాడికన్నా పోతాండావా?"

"హిందూపురానికక్కా. ఆట ఉండాది. లోకేష్ కూడా వస్తాండాడు."

"ఆ పిల్లోడా! చూసి ఎన్ని దినాలాయ. పెండ్లయినాక ఈ దిక్కే రాలేదు. వచ్చేటప్పుడు పిల్చకరా, రాగి సంగటి చేస్తా" అంటూ ఆమె బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది.

ఈరక్కకు అన్నం తినే తట్టల్లా కనిపించేవి డిస్క్ గోల్ఫ్ ఆడే డిస్కులు. అది కర్రా బంతీ లేని గోల్ఫ్. దూరంగా ఒక ఇనుప కంబానికి గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కింద గంప ఉంటుంది. ఎంత తక్కువ విసుర్లలో డిస్క్ ఆ గంపలో పడితే అంత మేలు. ఫ్యాక్టరీ వాళ్లు శ్రీకాంత్‌ని, అక్కడే పనిచేసే లోకేష్‌ని శిక్షణకని చెన్నై పంపినప్పుడు, అక్కడి హాస్టల్ వెనక మైదానంలో ఎవరో ఆడుతుంటే చూసి ఇద్దరూ నేర్చుకున్నారు. తిరిగొచ్చాక పెనుకొండ వెల్డింగ్ షాపులో పాత సైకిల్ రిమ్ములకు గొలుసులు వేయించి, ఎర్రమంచి దారిలోని బీడులో కంబాలు పాతారు. అప్పట్నుంచి ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. మేకలు కాసేవాళ్లు మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు.

డిస్కులన్నీ ఒకేలా ఎగరవు. అంచు పదునుగా ఉన్నవి డ్రైవర్లు. అవి చాలా దూరం పోతాయి, కానీ విసిరే చేతిలో వేగం ఉండాలి. అంచు మొద్దుగా ఉన్న పట్టర్లు దగ్గర్నుంచి గంపలో వేయడానికి. మధ్యరకానివి ఈ రెండింటికీ నడుమ. లోకేష్ విసిరితే డ్రైవర్ తుమ్మచెట్ల మీదుగా పోయి ఎక్కడ పడిందో కనిపించేది కాదు. శ్రీకాంత్ చేతికి అంత వేగం లేదు. గంప దగ్గరికి వచ్చాక మాత్రం అతను తప్పడం అరుదు. "నేను తీసకపోతా, నువ్వు దింపు" అనేవాడు లోకేష్, లారీ డ్రైవరు క్లీనరుకు చెప్పినట్టు.

రెండేళ్ల క్రితం లోకేష్‌కు ధర్మవరంలో పట్టుచీరల అంగడి వాళ్ల సంబంధం కుదిరింది. ఉద్యోగం మానేసి మామతోపాటు అంగట్లో కూర్చున్నాడు. పోయేటప్పుడు డ్రైవర్లన్నీ తీసుకున్నాడు. అంచు చెక్కుకుపోయిన ఒకదాన్ని మాత్రం వదిలేశాడు. మొదట్లో వారానికోసారి ఫోన్ వచ్చేది. తర్వాత పండక్కోసారి అయ్యింది. శ్రీకాంత్ మటుకు బీడుకు పోతూనే ఉన్నాడు. ఒక్కడే విసరడం, ఒక్కడే పోయి ఏరుకోవడం.

పోయిన వారం ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. బెంగళూరు ఆటగాళ్లు హిందూపురం దగ్గర ఒక మామిడి తోటలో జోడీ ఆట పెడుతున్నారు. ఇద్దరూ విసరాలి, ఇద్దరి డిస్కుల్లో ఏది మంచి చోట పడితే అక్కణ్ణుంచి మళ్ళీ ఇద్దరూ విసరాలి. శ్రీకాంత్ వెంటనే లోకేష్‌కు ఫోన్ చేశాడు. చెబుతూ చెబుతూ గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"సరేలే, పోదాం" అన్నాడు లోకేష్. "డ్రైవర్లు నేను తెస్తా. దగ్గరివి నువ్వు పట్టుకోనిరా. పొద్దుటి ప్యాసింజర్లో ముందు పెట్టెలో ఉంటా. నువ్వు పెనుకొండలో ఎక్కు."

శ్రీకాంత్ సంచి చిన్నది. ఎనిమిది డిస్కులు పడితే గొప్ప. అందుకే ఇప్పుడు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. అరిగి మెత్తబడిన పాత పట్టర్ తప్పనిసరి. ఎదురుగాలికి లొంగని గట్టి పట్టర్ కూడా. అది తడిసినా జారదు. మధ్యరకానివి మూడు పెట్టుకున్నాడు, ఎడమకు ఒరిగేది ఒకటి, కుడికి ఒరిగేది ఒకటి, తిన్నగా పోయేది ఒకటి. ఇంకా చోటుంది. చెక్కుకుపోయిన డ్రైవర్‌ను తీసి సంచిలో దోపాడు. మళ్ళీ బయటికి తీశాడు. దూరం విసరడం లోకేష్ పని. అతను తెస్తానన్నాక తనూ ఒకటి పెట్టుకుంటే, సంచి తెరిచినప్పుడు లోకేష్ చూస్తాడు. "ఏమబ్బా, నా మీద నమ్మకం లేదా?" అంటాడు. డ్రైవర్‌ను అలమరలో పెట్టేసి, దాని చోటులో ఇంకో పట్టర్ పెట్టాడు. మిగిలిన సందులో రెండు తువ్వాళ్లు దోపాడు, ఒకటి లోకేష్‌కని.

*

పొద్దున్నే ప్యాసింజరు వచ్చింది. శ్రీకాంత్ ముందు పెట్టె ఎక్కాడు. లోకేష్ లేడు. ఆలస్యమై హడావిడిలో వేరే పెట్టె ఎక్కాడేమోనని, బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి ఒక్కో పెట్టె వెనక్కి వెతుక్కుంటూ పోయాడు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. హిందూపురంలో దిగి, జనమంతా ప్లాట్‌ఫారం వదిలి వెళ్లేదాకా నిలబడ్డాడు. మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి లోకేష్ ఎత్తాడు.

"శ్రీకాంతూ! ఏమబ్బా, ఇంత పొద్దున్నే?"

"యాడుండావు నువ్వు? నేను హిందూపురం స్టేషన్లో ఉండా."

"ఈ పొద్దేనా అది?"

"ఈ పొద్దే."

"అయ్యో, నేను వచ్చే ఆదివారమనుకుంటి గదప్పా. ఈ పొద్దు మదనపల్లి నుంచి పెండ్లి బట్టలకు వస్తాండారు. మామ ఒక్కడే అయిపోతాడు. కదిలేకి లేదు."

"బస్సెక్కితే మధ్యాహ్నానికన్నా..."

"కాదప్పా. నువ్వు ఆడేసిపో. దింపేవాడివి నువ్వే గదా, నువ్వుంటే చాలు."

పెనుకొండకు తిరుగు బండి అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. శ్రీకాంత్ దాని వైపు చూశాడు. గదికి పోయి చేసేదేముంది? ఆటో మాట్లాడుకుని లేపాక్షి దారిలో ఉన్న తోటకు పోయాడు.

ఆ తోట మాధవి అనే ఆమె పుట్టింటివాళ్లది. హిందూపురంలో పుట్టి బెంగళూరులో స్థిరపడిన మనిషి. ఆట నడిపించేదీ ఆమే. పేరు రాసుకుంటూ శ్రీకాంత్ వెనక చూసింది.

"మీ జోడీ యాడ సార్?"

"రాలేకపోయినాడు మేడం."

"పర్లేదు. అట్ల వచ్చినోళ్లు ప్రతిసారీ రెండు విసుర్లు విసరొచ్చు. ఒకటి మీది, ఇంకోటి ఆయనది అనుకోండి." ఆమె చూపు తెరిచి ఉన్న సంచిలో పడింది. "ఇదేమి, డ్రైవర్ ఒక్కటీ లేదే?"

"అవి ఆయప్ప దగ్గర ఉండాయి."

మాధవి తన డ్రైవర్ ఒకటి తీసి ఇవ్వబోయింది. "వద్దు మేడం, అలవాటు లేనిది" అన్నాడు శ్రీకాంత్. నిజానికి అలవాటు మాట కాదు. ఆ డిస్క్ తీసుకుంటే లోకేష్ రాలేదన్నది ఖాయమైపోయినట్టు అనిపించింది.

అతన్ని హరికృష్ణ అనే ఆయన, ఆయన భార్య నీలావతి ఉన్న జట్టుతో కలిపారు. మొదటి గంపలు మామిడిచెట్ల మధ్య దగ్గర్లోనే ఉన్నాయి. శ్రీకాంత్ బాగానే వేశాడు. తర్వాత ఎండిపోయిన కుంట మీదుగా అవతలి గట్టుకు విసరాల్సి వచ్చింది. తిన్నగా పోయే డిస్క్ తీసి విసిరాడు. కుంట నడుమ పడింది. రెండో విసురు లోకేష్‌ది. అతనిలాగే నాలుగడుగులు వెనక్కి పోయి, పరుగున వచ్చి, చెయ్యి బారెడు తిప్పి విసిరాడు. డిస్క్ గాల్లో వణికి, పక్కకు తిరిగి, సర్కారు తుమ్మలోకి దూరింది. ముళ్లు గీరుకుంటూ దాన్ని వెతికి తెచ్చుకునే సరికి, భార్యాభర్తలు ఇవతలి గట్టు మీద పోట్లాడుకుంటున్నారు.

"అది తీయొద్దన్నా గదా. ఈ గాలికి తిరగబడుతుంది" అంటోంది నీలావతి.

"నాకు తెలీదా? నా చెయ్యి నీకు తెల్సా?"

"నీ చెయ్యి నాకు తెలీక ఎవరికి తెల్సు!"

హరికృష్ణ నవ్వేసి ఆమె చెప్పిన డిస్కే తీశాడు. శ్రీకాంత్ చేతి మీది ముల్లు పీక్కుంటూ వాళ్లనే చూశాడు. ఏ డిస్క్ విసరాలో తనతో ఎవరైనా పోట్లాడి రెండేళ్లయింది.

ఆ తర్వాత అతను లోకేష్‌లా విసరడం మానేశాడు. రెండు విసుర్లూ తనవే విసిరాడు. రెండూ పొట్టివే. గంప దగ్గరికి చేరేసరికి మిగతావాళ్లు వేసేసి నీళ్లు తాగుతూ నిలబడేవాళ్లు. ఒక్కసారి మాత్రం చాలా దూరం నుంచి వేసిన పట్టర్ గొలుసుల్లో గలగలమని పడింది. నీలావతి చప్పట్లు కొట్టింది. శ్రీకాంత్ సంతోషంతో పక్కకు తిరిగాడు. పక్కన ఎవరూ లేరు.

ఆఖరి స్థానం అతనిదే అయ్యింది. భోజనాల దగ్గర జోడీలు జోడీలుగా కూర్చుని ఆట సంగతులే మాట్లాడుకుంటున్నారు. అతను చెట్టు మొదట్లో కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని లేచాడు. "పై నెల విడివిడిగా ఆడే ఆట పెడుతున్నాం, రండి" అంది మాధవి. వస్తానన్నాడు, ఊరికే.

*

తిరుగు బండి పెనుకొండలో ఆగినప్పుడు శ్రీకాంత్ లేచి తలుపు దాకా వచ్చాడు. కానీ దిగలేదు. బండి కదిలాక మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ధర్మవరంలో దిగి, అడుగుతూ అడుగుతూ లోకేష్ అంగడి చేరేసరికి వీధిలో దీపాలు వెలుగుతున్నాయి.

లోకేష్ పరుపు మీద కూర్చుని చీరలు మడత పెడుతున్నాడు. కాస్త లావెక్కాడు. శ్రీకాంత్‌ని చూసి గబుక్కున లేచాడు.

"రా రా, కూర్చో. భారతీ, ఎవరొచ్చినారో చూడు! కాఫీ తీసుకురా. ఎట్లయ్యింది ఆట?"

"ఆఖర్న వచ్చినా."

"అదేమప్పా!"

"దూరం పోయేది లేకపోయె గదా. డ్రైవర్లియ్యి, తీసకపోతా. పై నెల మళ్ళా ఉండాదంట."

లోకేష్ చీర మడత సరిచేస్తూ, "వారం దినాల్లో నేనే పంపిస్తాలే" అన్నాడు.

"ఇల్లు వెనకనే గదా?"

కాఫీ తెచ్చిన లోకేష్ భార్య భారతి ఆ మాట విని ఆగింది. "ఏంటివన్నా, ఆ ప్లాస్టిక్ తట్టలా? పోయినేడు ఇల్లు మారేటప్పుడు పాత సామాన్లోనికి ఇచ్చేస్తిమి గదా. ఈయనే ఇంక వద్దన్యాడు." మొగుడి ముఖం చూసి ఆమెకు ఏదో అర్థమైనట్టుంది. గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

శ్రీకాంత్ గ్లాసు తీసుకోలేదు. "పోయిన వారం తెస్తానంటివి."

"అంటి."

"లేవని తెలిసే?"

లోకేష్ చేతిలోని చీరను పక్కన పెట్టాడు. "నువ్వు అంత సంబరంగా చెప్తాంటివి శ్రీకాంతూ. రానని చెప్పేకి నోరు రాలే. ఆ దినం వస్తే ఏదో ఒకటి చెప్దాంలే అనుకున్యా. దినం మర్చిపోయిందీ అబద్ధమే." గొంతు తగ్గించాడు. "నాకు ఆ ఆట మీద మనసు పోయి చానా దినాలాయ. నీ మీద ఏం లేదప్పా. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట్లాడతావు. నాకేమో చెప్పేకి ఏం ఉండదు."

శ్రీకాంత్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది.

"అప్పుడే చెప్పింటే, ఒక్కడాడే సంచి సర్దుకోని పోయిందును గదా" అన్నాడు. "నేను జోడీకని సర్దుకుంటి."

లోకేష్ తల వంచుకున్నాడు. లోపలి నుంచి మామ ఏదో చీర రంగు అడిగాడు. లోకేష్ దానికి జవాబిచ్చి, "తిని పోదువు, ఉండు" అన్నాడు.

"లేదు. ఈరక్క సంగటి చేసింటుంది."

లోకేష్ బండి మీద బస్టాండు దాకా దింపాడు. బస్సు కదిలేదాకా లోకేష్ కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి, "ఫోన్ చేస్తా" అన్నాడు.

"చెయ్యి" అన్నాడు శ్రీకాంత్.

లోకేష్ అన్నట్టుగానే రెండుసార్లు చేశాడు. మొదటిసారి వానల గురించి మాట్లాడుకున్నారు, రెండోసారి లోకేష్ పాపకు వస్తున్న పాలపళ్ల గురించి. ఆట మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఫోన్లు రాలేదు. శ్రీకాంత్ కూడా చేయలేదు. రెండు ఆదివారాలు బీడుకు పోలేదు. గదిలోనే పడుకున్నాడు. మూడో ఆదివారం పోయాడు. వేగం లేని చేతికి సరిపోయే తేలికపాటి డ్రైవర్ ఒకటి తెప్పించుకుని, సాయంత్రాలు చీకటి పడేదాకా దానితో కుస్తీ పట్టాడు. అది లోకేష్ విసిరినంత దూరం ఎన్నడూ పోదు. ఆ సంగతి అతనికి తొందరగానే తెలిసింది.

విడివిడిగా ఆడే ఆట రోజున హిందూపురం పోయాడు. మాధవి అతన్ని గుర్తుపట్టి, ముగ్గురు కొత్తవాళ్లతో కలిపింది. వాళ్లలో ముత్యాలప్ప అనే పెద్దాయన, రిటైరైన పోస్టుమాస్టరు, పక్కన నడుస్తూ ఏ ఊరని అడిగాడు. ఎవరితో వచ్చావని అడిగాడు.

"పెనుకొండ. ఒక్కణ్ణే వచ్చినా" అన్నాడు శ్రీకాంత్.

ముత్యాలప్ప తలాడించి, ఎండకు కండువా నెత్తిన వేసుకున్నాడు. ముందు విసరాల్సినవాళ్లు విసిరారు. శ్రీకాంత్ వంతు వచ్చింది. గాలి ఎటు వీస్తోందో కాసేపు చూసుకుని, అతను సంచిలోంచి తన డ్రైవర్‌ను బయటికి తీశాడు.