లోపలి ఆట

మార్కాపురం పలక గనుల్లో ఒక కట్టుబాటు ఉండేది. పైపొర గట్టిగా ఉందో లేదో మిస్త్రీ గునపంతో తట్టి చూడాలి. బాగుందన్నవాడే ముందు కిందికి దిగాలి. ఆ రోజు మిస్త్రీ తట్టాడు, బాగుందన్నాడు, తాను దిగకుండా కూలీ రోశమ్మను దింపాడు. నలభై మంది కూలీలు చూస్తూ నిలబడ్డారు. పొర విరిగి ఆమె మీద పడింది.

విచారణకు వచ్చిన అధికారి ముందు కూలీల సంఘం కార్యదర్శి జగన్నాథం, "వద్దంటున్నా ఆమే దిగింది" అని సంతకం పెట్టాడు.

రోశమ్మ మొగుడు నరసింహులు ఊరిబడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. ఏడాది తిరక్కుండా నాటకం రాసి, రాత్రిళ్ళు కూలీలందరికీ మాటలు నేర్పాడు. అందులో గని కూలీలు కంట్రాక్టరు ఎదుట ఒక ఆట ఆడతారు. ఆ లోపలి ఆటలో ఒక ఆడమనిషి పొర కింద నలిగి చస్తుంది.

సెలవునాడు పొద్దున్నే ఆట చూడ్డానికి రాళ్ళ దిబ్బ దగ్గర జనం కూడారు. రోశమ్మ వేషానికి మస్తానయ్య చీర కట్టుకున్నాడు. అప్పుడు జగన్నాథం వచ్చాడు.

"నరసింహులన్నా, ఆ లోపలి ఆట తీసెయ్. ఆటలో ఇంకో ఆట ఏంది? జనానికి అర్థం కాదు."

"నీకు అర్థమైంది గదా, చాలు."

జనం నవ్వారు. జగన్నాథం మొహం మాడింది.

"చావు చూపాలంటే నేరుగా చూపరాదా?"

"నేరుగానే చూసినాం గదా, అందరం. చూసి ఏం చేసినాం? లోపల ఆమె చస్తా ఉంటే బయట కూలోళ్ళు కూసోని చూస్తా ఉంటారు. నేను చూపాలనుకునేది ఆ కూసున్నోళ్ళను. అందులో నేనూ ఉండా. నా పెండ్లాం దిగుతా ఉంటే నేనూ నోరెత్తలా."

నవ్వులు ఆగిపోయాయి.

"అంటే మమ్మల్ని తిట్టేదానికా ఇంత రాసినావు?" అన్నాడు మస్తానయ్య, కొంగు సర్దుకుంటూ.

"అవును మామా."

దిబ్బ వెనక నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళతో. అతని చేతిలో ఉన్నది నరసింహులు రాతప్రతి. సంఘం పెట్టెలో భద్రంగా దాచమని జగన్నాథానికిచ్చిన ఒకే ఒక్క ప్రతి.

"సంఘం బతకాల గదన్నా," అన్నాడు జగన్నాథం, నేల చూస్తూ.

"ఎవరి కోసం బతకాల?"

నరసింహులుకు బేడీలు పడ్డాయి. మస్తానయ్యను చీరతోనే పక్కకు లాగారు. ఆడేచోటు ఖాళీ అయింది.

జనంలోంచి నాగరత్నమ్మ లేచింది. రోశమ్మతో పాటు పలకలు మోసిన మనిషి. నడిమధ్యకు వచ్చి వెల్లకిలా పడుకుంది. వెనకే గంగమ్మ పడుకుంది. తర్వాత ఆడాళ్ళంతా. తర్వాత మగవాళ్ళు కూడా, ఒకరి తర్వాత ఒకరు.

"లేవండి! ఇందులో వేషం కట్టిందెవరు?" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"చచ్చినోళ్ళం నాయనా," నాగరత్నమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "మోసకపో. నీకాడ ఎంతమంది ఉండారు?"

నరసింహులు వాళ్ళను క్షమించలేదు. కానిస్టేబులు గుంజుతున్నా కదలకుండా, లోపలి ఆటలో మొదటి మాట గొంతెత్తి అందించాడు. నేల మీది నుంచి అందరూ ఒకే గొంతుతో రెండో మాట అందుకున్నారు.