మేస్త్రీగారి లీకు

ఆ వారమంతా నేజాకి తిండి సయించలేదు. ఎలా సయిస్తుంది? లుబ్ల్యానా నగరంలోని ఒక ల్యాబులో ఇనపరేకును గాజుగొట్టంలో పెట్టి, కరెంటుతో ఆక్సిజన్‌ని ప్లాస్మాగా, అంటే మెరిసే వాయువుగా వెలిగించి, వెంట్రుకకన్నా వెయ్యిరెట్లు సన్నని తీగలు మొలిపించిందా పిల్ల. పచ్చిగా చెప్పాలంటే తుప్పే, కానీ పచ్చికలా నిలబడే తుప్పు! మూడుసార్లు మొలిచింది. సోమవారం ప్రొఫెసరు ముందు మళ్ళీ చూపించలేకపోతే మూడేళ్ళ పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే. ఇప్పుడేమో ఎనిమిది రేకులు పెట్టినా ఒక్క తీగ లేదు.

మారింది ఒక్కటే. గొట్టం అతుకు దగ్గర బయటిగాలి లోపలికి లీకవుతోందని పట్టుకుని, గాజుపని చేసే స్టానె మేస్త్రీని అందరి ముందూ కడిగిపారేసింది. "నలభైయేళ్ళ అనుభవం ఇదేనా, మేస్త్రీ?" అంది. ఆయన అతుకు సరిచేశాడు. అంతే, తీగలు బంద్.

శుక్రవారం పదిగంటల ఫలహారం వేళ ఆయన గదికి వెళ్ళింది. మేస్త్రీ సాసేజికి ఆవపిండి ముద్ద రాసుకుంటున్నాడు.

"మేస్త్రీ, ఆ లీకు మళ్ళీ కావాలి."

"ఏంటీ? తిట్టి మరీ మూయించావుగా!"

"తిట్టాను. నోటిదూల. తప్పయిపోయింది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అప్పుడు ప్లాస్మా కాస్త గులాబీరంగులో ఉండేది. ఆ గాలీ, అందులోని తేమా తీగలకి కావాలేమో."

"ఏడవకు పిల్లా, సాసేజి చల్లారిపోతుంది. లీకులు చేయడం నాకు రాదు, అవి వాటంతటవే వస్తాయి. గాలి వదిలే సన్నని కుళాయి పెడతా."

సాయంత్రానికి గొట్టానికి కుళాయి అమరింది. చిటికెడు గాలి వదలగానే వెలుగు గులాబీకి తిరిగింది. రేకు తీసి మైక్రోస్కోపు కింద పెడితే, అమ్మయ్య, తీగలే తీగలు! నేజా గెంతింది.

సోమవారం ల్యాబు సమావేశంలో ప్రొఫెసరు తీగల ఫొటోలు చూసి మురిసిపోయాడు. "గాలి వదలాలన్న ఆలోచన భలే! నీదేనా?"

ఔనంటే సరిపోయేది. ఎవరడుగుతారు? నేజా గది నిండా ఉన్న జనాన్ని చూసింది.

"కాదండీ. మొదటి మూడుసార్లూ మొలిపించింది స్టానె మేస్త్రీగారి లీకు. ఆయన్ని తిట్టి దాన్ని మూయించిన తెలివి మాత్రం నాదే."

అందరూ ఘొల్లుమన్నారు. వెనక వరసలోని మేస్త్రీ నవ్వలేదు. లేచి, తన కుర్చీ ఈడ్చుకొచ్చి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు.