తట్ట లేకుండా కొలిచారు

పెద్దక్కకు ఆ పొద్దున ఒళ్లు మండిపోయింది. మండదా మరి! తన చేను చుట్టూ కంచె వేయడానికి మనుషులు గుంతలు తవ్వుతున్నారు. తనతో ఒక్క మాటైనా చెప్పలేదు.

"ఎవరు తవ్వమన్నారు?" అంటూ గట్టు దిగింది.

సోలార్ కంపెనీ ఇంజినీరు ఎదురొచ్చాడు. "కోప్పడకండమ్మా. మొన్న మీ తోడికోడలికి దెబ్బ తగిలింది కదా. సోలార్ పలకల కింద సాగు ప్రమాదమని పైవాళ్లు తేల్చేశారు. ఇక కింద పంట వద్దన్నారు."

ఎంత చల్లగా చెప్పాడో! పైన కరెంటు, కింద పంట అంటూ ఏడాది క్రితం ఇంటిచుట్టూ పదిసార్లు తిరిగింది ఈ మహానుభావుడే. ఆ మాట నమ్మే పెద్దక్క సంతకం పెట్టింది. ఇప్పుడు పైనా వాళ్లదే, కిందా వాళ్లదే. తోడికోడళ్లిద్దరూ రేపటినుంచి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలన్నమాట.

మొన్న జరిగిందేమిటి? చిన్న తోడికోడలు టమాటాల తట్ట నెత్తిన పెట్టుకుని వరుసలో వస్తుంటే తట్ట పలక అంచుకు కొట్టుకుంది. మెడ పట్టేసి, పాపం, పట్టీ వేసుకుని మంచంలో ఉంది.

"పలకల స్తంభాల ఎత్తు మిమ్మల్ని నిలబెట్టే కదమ్మా కొలిచాను," అన్నాడు ఇంజినీరు. "నెత్తిమీద జానెడు ఖాళీ వదిలాను. చాలని మీరే అన్నారు."

అన్నది. అదే గుండెల్లో పొడుస్తోంది. ఆ రోజు వట్టి నెత్తితో ఠీవిగా నిలబడి చాలంది. ఇరవై ఏళ్లుగా తట్ట మోసిన మనిషికి తట్టే గుర్తు రాలేదు! తనమీద తనకే కోపమొచ్చి పళ్లు పటపట కొరికింది.

వెళ్లి నిండు తట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. "ఎత్తుకో నాయనా. ఆ చివరిదాకా మోసుకెళ్లు."

"నేనా?"

"మరి మీ పైవాళ్లు వస్తారా?"

తవ్వేవాళ్లు పారలు ఆపి చూస్తున్నారు. పరువు పోతుందని ఎత్తుకున్నాడు. మెడ వంచితే తట్ట జారుతోంది, నిటారుగా నిలబడితే పలక తగులుతోంది. మోకాళ్లు వంచి బాతులా నాలుగడుగులు వేసి చతికిలబడ్డాడు. టమాటాలు ఒళ్లోకి దొర్లాయి. కూలీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. పెద్దక్క నవ్వలేదు.

"స్తంభాలే పొట్టిగా ఉన్నాయి," అన్నాడు ఆయాసపడుతూ.

"అదే మీ పైవాళ్లకు రాయి. తట్ట లేకుండా కొలిచామని రాయి. చాలన్నది నేనేనని కూడా రాయి, నాకేం నామోషీ లేదు. సాగు ప్రమాదమని మాత్రం రాశావో, చూడు!"

"రాస్తానమ్మా. కానీ వాళ్లు ఎత్తు పెంచేదాకా కంచె తప్పదు..."

మాట పూర్తికాకముందే ఆమె పక్కనున్న గుంతలోకి కాలితో మట్టి తోసేసింది. అది పూడ్చి రెండోదాని దగ్గరకు నడిచింది. కూలీలు ఇంజినీరు వైపు చూశారు. అతను తల దించుకుని టమాటాలు ఏరుతున్నాడు.

"నెత్తిన పట్టకపోతే నడుముకి పెట్టుకుని మోస్తాం. నడుమూ విరిగితే ఈడ్చుకెళ్తాం," అంది మూడో గుంత పూడుస్తూ. "నా చేలోకి నన్ను రావద్దనడానికి నువ్వెవడివిరా?"