ఐదో సీజన్ గడిలో రాసిన మాట

మా ఆడపిల్లల ఐదో సీజన్‌ని మింగింది మీరే, ఫుట్‌బాల్ లీగ్ కమిటీ వారూ. కొల్లేరు కాదు. కొల్లేరు గ్రౌండుని ముంచింది, అంతే.

మీరు అచ్చేసిన పట్టికే తీయండి. మా లంక స్టార్స్ జట్టు మొదటి ఏడాది ఎనిమిది జట్లలో ఎనిమిదోది. రెండో ఏడాదీ అంతే, కాకపోతే ఒక డ్రా. మూడో ఏడాది ఐదోది. నాలుగో ఏడాది రెండోది, అదీ తాడేపల్లిగూడెం మీద మూడు గోల్స్ కొట్టి. ఐదో ఏటి గడిలో ఒక్కటే మాట: "రాలేదు". మొదటి మ్యాచ్‌కే రాలేదని రాసి, మిగతావి ఆడనివ్వకుండా రెండో డివిజన్‌కి తోశారు.

రాలేదా? ఆ ఆదివారం పదకొండు మందీ మోకాలి లోతు నీళ్లలో వరసగా నిలబడ్డారు. కోచ్‌ని, నేనూ దిగాను. బంతి తంతే కదలదు, వదిలేస్తే తేలిపోతుంది. గోల్‌కీపర్ మెర్సీ దాన్ని చంకలో పెట్టుకుని గంటన్నర అలాగే ఉంది. రోడ్డు తెగిందని మాతో ఆడాల్సిన గూడెం జట్టూ రాలేదు, మీ రెఫరీ అసలే రాలేదు.

ఇప్పుడు మెర్సీకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేతిదాకా వచ్చింది. వరసగా ఐదు సీజన్లు లీగ్‌లో దిగినట్టు సర్టిఫికెట్ కావాలి. శుక్రవారం ఆఖరు. నిన్న ఇద్దరం ఏలూరులో మీ ఆఫీసుకొచ్చాం.

"గ్రౌండు మునిగితే మ్యాచ్ జరగనట్టేనండీ," అన్నారు సెక్రటరీ ఫణికిరణ్ గారు మెత్తగా. "జరగని మ్యాచ్‌కి వచ్చామంటే ఏమని రాయమంటారు?"

"జరగని మ్యాచ్‌కి గూడెం వాళ్లకి మూడు పాయింట్లు ఏమని రాశారండీ?" అంది మెర్సీ.

ఆయన టీ గ్లాసు ఇటుది అటు పెట్టారు. "పోనీ, ఆ సీజన్‌లో జ్వరమొచ్చిందని డాక్టరు కాగితం తెచ్చుకోమ్మా. నీ వరకూ మినహాయింపు రాసేస్తాను. దేవసహాయం గారూ, మీరైనా చెప్పండి, పిల్ల బతుకు."

చెప్పబోయాను. దాచేదేముంది, నోరు తెరిచాను కూడా. మెర్సీ నావైపు చూడలేదు.

"నాతోపాటు నీళ్లలో ఇంకా పది మంది ఉన్నారండీ. వాళ్లందరికీ జ్వరమేనా?"

"టైమ్ పోతుందమ్మా."

"మీదీ పోతుందండీ. మళ్లీ వస్తాం కదా."

ఆ కాగితం తేవడం లేదు. శుక్రవారం లోపు ఆ మాట కొట్టేయండి. జట్టు దిగిందని, ఎదుటివాళ్లు చేరుకోలేదని ఉన్నదున్నట్టు రాయండి. మెర్సీ ఒక్కదానికే కాదు, పదకొండు పేర్లకీ సర్టిఫికెట్ ఇవ్వండి. మొదటి డివిజన్‌లో మా చోటు మాకివ్వండి. అప్పటిదాకా మా జట్టు జెర్సీలతో మీ ఆఫీసు మెట్లమీదే కూర్చుంటుంది. పెన్ను తీయండి.