అత్తయ్య డైరీకి పెద్దక్షరాలు

ముప్పై రెండేళ్లు వార్తా సంస్థలో టైపు కొట్టి రిటైరైన మనిషికి మౌస్ అంటే గిట్టకపోవడంలో వింతేమీ లేదు. "దాన్ని పట్టుకుని బల్లంతా ఊరేగించే ఓపిక నాకు లేదు" అనేది అత్తయ్య. అందుకే, ఆఫీసుల్లో కంప్యూటర్లు చక్కబెట్టే కోడలు తన పాత ల్యాప్‌టాప్ ఆవిడకిచ్చి, అందులో నల్ల తెరమీద నడిచే డైరీ ఒకటి పెట్టింది. రెండక్షరాల కమాండ్ కొట్టి, దాని పక్కనే ఆ రోజు ముచ్చట రాసి, ఎంటర్ నొక్కితే సరి. తేదీ అదే వేసుకుంటుంది. డైరీకి పాస్‌వర్డ్ కూడా ఉంది. అది అత్తయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగు నెలలు ఏ పేచీ లేకుండా గడిచాయి. ఒక శనివారం ఉదయం అత్తయ్య ఫిర్యాదు మోసుకొచ్చింది.

"అమ్మాయ్, ఒక్క లైనుతో నాకు కడుపు నిండట్లేదు. పేరా మారుద్దామని ఎంటర్ కొడితే చాలు, అంతవరకే మింగేసి కూర్చుంటోంది. పైగా ఒత్తులన్నీ చెట్టుకొకటి పుట్టకొకటి అయిపోతున్నాయి."

"రాసుకోవడానికి వేరే ఎడిటర్ తగిలిస్తానత్తయ్యా. కమాండ్ కొట్టగానే కాగితంలా ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఎన్ని పేరాలైనా రాసుకుని మూసేయండి, మొత్తం డైరీలోకి వెళ్తుంది."

"ఆ పనేదో ముందే చేసుంటే నీ సొమ్మేం పోయేది" అంటూ అత్తయ్య మొక్కలకు నీళ్లు పోయడానికి బాల్కనీలోకి వెళ్లింది.

ఆవిడ కమాండ్ ఎలా కొడుతోందో చూద్దామని కోడలు పైబాణం మీట నొక్కింది. అంతకుముందు కొట్టినవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ చూపించే మీట అది. రోజుకు వందసార్లు నొక్కే అలవాటు. పాత కమాండ్ వచ్చింది. దాని వెనకే అత్తయ్య రాసిన ముచ్చటా వచ్చింది.

'ఈ రోజూ కుడి కన్ను అలాగే ఉంది. పేపరు మధ్యలో మరక.'

వేలు అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

'కంట్లో సూది అంటే భయంగా ఉంది. ఎవరితో చెప్పుకోను.'

'ఆలస్యం చేస్తే చూపు పోతుందన్నాడు డాక్టరు. ఇంట్లోవాళ్లను తీసుకురమ్మన్నాడు. అమ్మాయికి అసలే ఆఫీసులో ఊపిరాడట్లేదు. వచ్చే నెల చూద్దాం.'

కోడలు మీట మీంచి వేలు తీసేసింది. డైరీకి తాళం వేశానని మురిసిపోయిందే గానీ, ఈ నల్ల తెర కొట్టిన ప్రతి లైనునూ విడిగా దాచిపెట్టుకుంటుందని ఆవిడతో చెప్పనే లేదు. ఊరందరి కంప్యూటర్లకు కాపలా కాసే మనిషి సొంత ఇంట్లో చేసిన నిర్వాకం ఇది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. రోజూ పొద్దున్నే పేపరు ముఖానికి అడ్డంగా పట్టుకుని కూర్చునే ఆవిడ చదువుతోందనే ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు.

ముందు ఆ దాచిన లైన్లన్నీ తుడిచేసింది. తరవాత ఎడిటర్ తగిలించింది. మొదటిసారి కిటికీ తెరుచుకుందో లేదో, వెనక నల్ల తెర 'ఏమీ రాయలేదు' అని తేల్చి పని ముగించేసింది. కిటికీ మూసేదాకా ఆగమని దానికి విడిగా ఒక ముక్క చెప్పాలి. చెప్పింది. ఈసారి బుద్ధిగా ఆగింది.

ఇక మిగిలింది అక్షరాల సైజు. మామూలుగా వదిలేస్తే, చదివిన సంగతి బయటపడదు. నాలుగు రోజులు పోయాక ఏదో ఒక వంక పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లొచ్చు. పెద్దవి చేస్తే దొరికిపోయినట్టే. ఆవిడ ఇంక ఈ డైరీ జోలికే రాకపోవచ్చు, తనతో మనసు విప్పి మాట్లాడకపోనూవచ్చు. కోడలు సైజు పెంచింది, తగ్గించింది. చివరికి, పసుపు రంగు కాగితం మీద బొటనవేలంత నల్లటి అక్షరాలు పెట్టి, మనసు మారకముందే పిలిచేసింది.

అత్తయ్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఒక పదం కొట్టింది. తెరకేసి చాలాసేపు చూసింది.

"ఎన్ని చదివావు?"

"మూడు. మొదటిది పొరపాటున, మిగతా రెండూ నా తప్పే అత్తయ్యా."

అత్తయ్య ఇంకో పదం కొట్టింది. తిట్టినా బాగుండుననిపించింది కోడలికి.

"ఇంకా ఇంత పెద్దవి అక్కర్లేదు. రెండు మెట్లు తగ్గించు."

కోడలు తగ్గించింది. ఆవిడ రాసుకోవడానికి వీలుగా పక్కకు జరిగి, లేచి వెళ్లబోయింది.

"ఎక్కడికి? ఇంత చదివినదానివి, కూర్చో" అంది అత్తయ్య. టకటకా ఒక లైను కొట్టింది. చూడమని తెరను ఇటు తిప్పింది.

'శుక్రవారం కంటి ఆస్పత్రి. అమ్మాయి వస్తుంది.'

"సెలవు దొరుకుతుందా?"

"దొరక్కపోయినా వస్తాను. శుక్రవారం దాకా ఎందుకు, సోమవారమే వెళ్దాం."

అత్తయ్య వారం మార్చింది.

"నీ మొగుణ్ణి మాత్రం లోపలికి రానివ్వకు. సూది చూస్తే నాకంటే ముందు వాడు పడిపోతాడు. నువ్వు వచ్చి చెయ్యి పట్టుకో, చాలు."

చెయ్యి పట్టుకోవడానికి కోడలు సోమవారం దాకా ఆగలేదు.