చూడని గోలు

ఫుట్‌బాల్ మ్యాచ్ రెండో సగం మొదలయ్యేసరికి విలేఖరి రెండు వార్తలు రాసి పెట్టుకున్నాడు. ఒకటి సొంత జట్టు గెలిస్తే, ఇంకొకటి ఓడితే. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పద్ధతి. ఆటల పేజీ ఆరింటికి మూసేస్తారు. ఆట అయ్యాక గెలుపు వార్త చింపేసి, ఓటమి వార్తలో స్కోరు వేసి, నొప్పెడుతున్న మోకాలితో ఆఫీసు మెట్లెక్కాడు.

వార్త అడుగున మరో రెండు వాక్యాలు చేర్చాడు. ఉపసంపాదకుడు అక్కడ ఆగిపోయాడు.

"ఇదేంటి గురువుగారూ, ఇరవై రెండేళ్ల కిందటి ఫైనల్ ఇప్పుడెందుకు?"

"తప్పు రాశాను. ఆ గోల్‌కీపర్ ఆసుపత్రిలో ఉన్నాడట, ఇక రోజుల్లోనే అంటున్నారు. పోయేలోగా దిద్దాలి."

ఆ ఫైనల్ చివరి నిమిషంలో విలేఖరి మైదానంలో లేడు. పేజీ ఆగదని గేటు బయట బూత్‌లో ఫోను పట్టుకుని వార్త చెబుతున్నాడు. లోపల కేకలు వినబడ్డాయి. బయటికొస్తున్న ఒకాయన్ని అడిగి, ఆయన అన్నది తానే కళ్లారా చూసినట్టు ఫోన్లో చెప్పేశాడు: కీపర్ చెయ్యి కదపకుండా బంతికి దారిచ్చాడు. జనానికి ఆ ఒక్క వాక్యమే మిగిలింది. అమ్ముడుపోయాడన్నారు. జట్టులోంచి తీసేశారు. 'తెరిచిన తలుపు' అని పేరు పెట్టారు.

"వచ్చే నెల రిటైరవుతున్నారు. హాయిగా సన్మానం చేయించుకుని వెళ్లిపోక మీకిదేం పనండీ?"

"అడుగునుంటే చోటు చాల్లేదని కోసేస్తావు. పైన పెట్టు."

"మ్యాచ్ కంటే పైనా? ఎడిటరు గారు నా తోలు తీస్తారు."

"నా పేరు చెప్పు. తీయడానికి నా ఒంటి మీద తోలు కూడా పెద్దగా మిగల్లేదు."

ఉపసంపాదకుడు నవ్వలేదు. మ్యాచ్ వార్తలో తొమ్మిది లైన్లు కోసి, ఆ రెండు వాక్యాలూ పైన పెట్టాడు. విలేఖరి పేజీ అచ్చు కాపీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాడు.

మూడో అంతస్తులో కీపర్ భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మంచం ఖాళీగా ఉంది.

"నాలుగున్నరకి పోయారండీ."

అప్పటికి రెండో సగం ఇంకా నడుస్తోంది. విలేఖరి తనెవరో చెప్పి పేజీ అందించాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"మీరు చూడనేలేదా?"

"లేదమ్మా."

"మరి చూసినాయనెవరు?"

"పేరు అడగలేదు."

ఆమె పేజీని ఒళ్లో పెట్టుకుంది.

"మొదట్లో ఎండ కళ్లలో కొట్టిందనేవారు. నేను నమ్మాను. తర్వాత్తర్వాత ఆయనే, 'పేపరాయన చూసే రాసుంటాడు కదా, నేనే కావాలని వదిలేశానేమోనే' అనడం మొదలెట్టారు. పోయిన వారం కూడా అదే అన్నారు."

శవాన్ని తీసుకెళ్లే వ్యాను వచ్చిందని ఆయా పిలిచింది. కీపర్ భార్య పేజీని మడిచి మందుల సంచిలో పెట్టుకుని కిందికి వెళ్లింది.

విలేఖరి అక్కడే నిలబడ్డాడు. ఆయా దుప్పటి లాగేసి, పరుపు తుడిచి వెళ్లిపోయింది. మంచం కింద కీపర్ చెప్పుల జత ఉండిపోయింది, మొనలు గుమ్మం వైపు, ఎడమదాని మడమ నేల కనబడేంతగా అరిగి.